రెండో చీర పరచకముందు

సుబేదారి, హనుమకొండ
10 నవంబర్ 2025

పెద్దబాపుకు స్రవంతి నమస్కారాలు.

ఈ కాలంలో ఉత్తరమేంటని పెద్దమ్మ నవ్వుతుంది. నవ్వనీ. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి నువ్వు ఫోన్‌లో మాట్లాడవు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమలు పాకినట్టున్నాయని పెద్దమ్మతో చెప్పిస్తావు. మరి నీతో ఒక కష్టం చెప్పుకోవాలంటే నాకు వేరే దారేది? పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఎవలికమ్మా, కోర్టుకా?" అన్నాడు.

అసలు సంగతి రాస్తాను, బాపుకు మాత్రం చెప్పకు. బీఎడ్ చివరి ఏడాది కదా, టీచింగ్ ప్రాక్టీస్‌కు నన్ను రఘునాథపల్లి దారిలో ఒక ఊరి హైస్కూలుకు వేశారు. రోజూ బస్సులో పోయి ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మొన్న మా కాలేజీ నుంచి భానుచందర్ సార్ వచ్చి, వెనక బెంచీలో కూర్చుని నా పాఠం చూశాడు. చెమటలు కక్కుతూ నలభై ఐదు నిమిషాలు చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. పోయేటప్పుడు పరిశీలన కాగితం చేతిలో పెట్టాడు. కింద ఎర్ర పెన్నుతో ఒక్క లైను ఉంది: "పాఠం ఉంది. టీచర్ లేదు."

"నేనక్కడనే ఉన్న కద సార్" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"బోర్డు దగ్గర ఉన్నవమ్మా. పిల్లల దగ్గర లేవు" అన్నాడు.

జనవరి ఏడున ఫైనల్ లెసన్. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. అందులో తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఏమవుతుందో నీకు తెలుసు. బాపు ఎండాకాలంలోనే తేల్చేశాడు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ గట్టిగా చెప్పాడు: "ఒక్క ఏడాదే చూస్త. కాకుంటె పెద్దబాపు బట్టల దుకాణంల కూసో. అన్నకు గొంతు పోయింది, గద్దె మీద మన మనిషి ఉండాలె." నీ దుకాణమంటే నాకు చిన్నతనం లేదు పెద్దబాపూ. ఆ తెల్ల పరుపు మీదే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. కానీ నాకు బడి కావాలి.

ఏం చెయ్యాలని సార్‌నే అడిగాను. "నిన్ను నువ్వు చూసుకో, వీడియోల" అన్నాడు. రేపటి నుంచి నా ప్రతి పాఠం వీడియోలో చూసుకుంటాను. తప్పు ఎక్కడుందో నేనే పట్టుకుంటాను, పట్టుకునేదాకా వదలను.

నువ్వు నలభై ఏళ్లు గద్దె మీద కూర్చుని దారిన పోయేవాళ్లను కూడా నీ వైపు తిప్పుకున్నావు. ఎలా తిప్పుకున్నావో రాయి.

నీ బిడ్డ
స్రవంతి


నర్సంపేట
16-11-2025

చిరంజీవి స్రవంతికి పెద్దబాపు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి గనుక రాశాను. మీ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి, నాకు నోరు లేదు. తక్కినదంతా క్షేమమే.

ముందు ఒక మాట సూటిగా అడుగుతాను. ఆ సార్ ఎవడు? భానుచందరో సూర్యచందరో, పెళ్లి కాని పిల్లను వీడియో తీయడానికి వాడెవడు? పాఠం చెప్పడం రాకపోతే నేర్పాలి గానీ ఫోన్ పట్టుకుని నిలబడతాడా? మీ బాపుకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. కానీ యాకయ్యను పంపిస్తున్నాను. మన దుకాణంలో ముప్పై ఏళ్ల నుంచి ఉన్న మనిషి, ఎవరితో ఎలా మాట్లాడాలో వాడికి తెలుసు.

ఇక నువ్వు అడిగింది. మనుషులను తిప్పుకోవడం పెద్ద విద్యేం కాదు. గిరాకీ గడప ఎక్కగానే మాట మొదలుకావాలి. "రా అక్కా, కూసో, నీళ్లు తాగుతవా" అని. ఆమె చెప్పులు విడిచేలోపు మొదటి చీర పరుపు మీద ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, రాసిపెట్టుకో. మొదటి చీర చూసి గిరాకీ మొహం ముడుచుకోకముందే రెండో చీర పరవాలి. నడుమ సందు ఇచ్చావా, ఆ సందులోంచే లేచి పక్క దుకాణానికి పోతుంది. మాట తెగొద్దు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

నీకు ఏడేళ్లున్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నా పక్కన కూర్చుని, కొంగు అంచు ముంజేతి మీద వేసుకుని, "ఇది మీ రంగుకు మంచిగుంటదక్కా" అని అచ్చం నాలాగే అనేదానివి. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. నీలో ఆ విద్య ఉంది. బడిలోనూ అదే వాడు. ఫికర్ చేయకు. గద్దె ఖాళీగానే ఉంది, ఆ సంగతి మరిచిపోకు.

ఇట్లు
కుమారస్వామి


సుబేదారి
27 నవంబర్ 2025

పెద్దబాపుకు నమస్కారాలు.

యాకయ్య కాకను నిజంగానే పంపించావు కదా! సంచిలో సకినాలు, చేతిలో గొడుగు. మా హాస్టల్ గేటు దగ్గర నిలబడి, "వీడియో తీసే సార్ ఏడున్నడు, జర బయటికి రమ్మనుండ్రి" అని వాచ్‌మన్‌తో తగువు. అమ్మాయిలంతా మేడ మీది నుంచి చూశారు. సకినాలు రాత్రిదాకా కూడా ఆగలేదు గానీ నా పరువు మాత్రం వారమైనా తిరిగి రాలేదు.

నన్నెవరూ తీయడం లేదు పెద్దబాపూ. నన్ను నేనే తీసుకుంటున్నాను. వెనక కిటికీలో చాక్‌పీసుల డబ్బాకు నా ఫోన్ ఆనించి పెడతాను. హెడ్మాస్టర్ శ్రీలత మేడం అనుమతి తీసుకున్నాను. పిల్లలు పడకుండా నేనూ బోర్డూ మాత్రమే కనిపించేలా పెట్టుకోమంది. అలాగే పెట్టాను.

మొదటిసారి నాలుగు నిమిషాలు కూడా చూడలేకపోయాను. నా గొంతు నాకే నచ్చలేదు. బస్సు తప్పిపోతుందని ఎవరో పిల్ల అరుస్తున్నట్టుంది. ఫోన్ దుప్పటి కింద పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి, మొండికేసి, నోటుబుక్కు పెట్టుకుని మళ్లీ చూశాను. ఒకసారి సౌండ్ తీసేసి చూశాను. ఒకసారి కళ్లు మూసుకుని విన్నాను. మూడోసారి లెక్కపెట్టాను. పంతొమ్మిది నిమిషాలు పిల్లలకు వీపు చూపించాను. ఎడమవైపు బెంచీల దగ్గరికి ఒక్కసారి కూడా పోలేదు. "అర్థమైందా?" అని ముప్పై ఎనిమిది సార్లు అన్నాను, ఒక్కసారీ జవాబు కోసం ఆగలేదు. ప్రశ్న అడిగాక నేను ఎంతసేపు నోరు మూసుకుంటున్నానో చూద్దామని స్టాప్‌వాచ్ పెట్టాను. ఒక సెకను. మహా అయితే ఒకటిన్నర. ఆలోపే ఇంకో ప్రశ్న వేస్తాను, దాని వెనకే మరొకటి, చివరికి జవాబు కూడా నేనే చెప్పేస్తాను.

ఇది ఎక్కడో చూశానే అనిపించింది. బస్సులో కూర్చున్నాక తట్టింది. రెండో చీర! నువ్వు నేర్పిందే, పెద్దబాపూ. చేయి విసరడం కూడా అచ్చం నీదే, కొంగు అంచు ముంజేతి మీద వేసినట్టే. నేను పిల్లలకు లెక్కలు చెప్పడం లేదు, అమ్ముతున్నాను. వాళ్లు మొదటిది చేతికి తీసుకునేలోపే రెండోది పరుస్తున్నాను. ఈ అలవాటు పోగొట్టుకోవాలి. దుకాణం నా ఒంట్లోంచి పోవాలి.

ఇంకో సంగతి నిన్నటి నుంచి నన్ను తినేస్తోంది. ఎడమవైపు చివరి బెంచీలో సమ్మక్క అని ఒక పిల్ల ఉంది. జాతర ఏడు పుట్టిందని వాళ్ల నాయనమ్మ పెట్టిన పేరు. పత్తి ఏరడానికి వాళ్లమ్మ వెంట పోతుంది, వారంలో మూడు రోజులొస్తే గొప్ప. చదువు రాదని అందరూ వదిలేశారు, నేను కూడా. ఆ పిల్ల వీడియోలో కనిపించదు. కానీ నేను కళ్లు మూసుకుని విన్నప్పుడు, నేను ప్రశ్న అడిగిన వెంటనే ఎడమవైపు నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. "టీచర్..." అని. దాని మీద నా రెండో ప్రశ్న పడిపోయింది. మళ్లీ "టీచర్..." మళ్లీ నేను. మూడుసార్లు. ఆ తర్వాత గొంతు రాలేదు. క్లాసులో నాకు అసలు వినపడనే లేదు.

స్రవంతి


నర్సంపేట
3-12-2025

స్రవంతికి,

నీ ఉత్తరం అందింది. దుకాణం నీ ఒంట్లోంచి పోవాలని రాశావు. మంచిది. మీ బాపు చదువూ, మీ అత్తల పెళ్లిళ్లూ ఆ దుకాణంలోనే అయ్యాయి. నేను ఎవరికీ అబద్ధం చెప్పి చీర అమ్మలేదు. రంగు దిగే గుడ్డను దిగుతుందని చెప్పే ఇచ్చాను. నా మాటలో కల్తీ లేదు.

గొంతు నచ్చలేదని కూడా రాశావు. గొంతు నచ్చకపోవడమంటే ఏంటో నాకు రాసి తెలపాల్సిన పనిలేదు.

నీకు సలహాలు చెప్పేంత చదువు నాకు లేదు. జాగ్రత్తగా ఉండు.

కుమారస్వామి

బిడ్డా, నేను శకుంతల పెద్దమ్మను. కవరు అతికిచ్చే పని నాకిచ్చిండు, అందుకే కింద రెండు ముక్కలు రాస్తాన. డాక్టర్ మాట్లాడొద్దన్నడని నీకు చెప్పిండు గద, అది ఉత్తదే. పదిహేను దినాలే వద్దన్నడు. దసరాకు ముందే మాట్లాడుమన్నడు, మాట్లాడకుంటె గొంతు ఇంక బిగుసుకపోతదని కూడ అన్నడు. ఈయననే మాట్లాడ్తలేడు. ఒక్కరోజు గద్దె మీద నోరు తెరిస్తె గీరినట్టు అచ్చింది, ఎవలో పిల్ల కిసుక్కుమన్నది. గప్పటిసంది పలక పట్టుకోని ఎనుక అర్రల కూసుంటాండు. పాలు కావాల్నన్నా పలక మీద రాసి నాకు చూపెడ్తాండు. నేను రాసిన్నని చెప్పకు.


సుబేదారి
9 డిసెంబర్ 2025

పెద్దబాపుకు, నువ్వు నన్ను చిరంజీవి అనకపోయినా నేను మాత్రం నమస్కారాలు పెడుతున్నాను.

నేను రాయడం తప్పు రాశాను. నీ మాట మీద నాకు అనుమానం లేదు. చీర కోసం వచ్చినామెకు చీర కావాలని ముందే తెలుసు, అందుకే నీ మాట ఆమెకు సాయం చేస్తుంది. లెక్కల క్లాసులో కూర్చున్న పిల్లకు ఏం కావాలో దానికింకా తెలియదు, వెతుక్కుంటోంది. వెతుక్కునేవాళ్ల మీద నేను చీరలు పరిచాను. తప్పు చీరది కాదు, నాది.

నాక్కూడా ఒక కోపం ఉంది. గద్దె ఖాళీగానే ఉందని రాశావు. అది చదివి, నేను తప్పాలని నీకు కూడా ఉందేమో అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

ఇంకొకటి. డాక్టర్ నిన్ను దసరాకు ముందే మాట్లాడమన్నాడట! ఎవరు చెప్పారని అడగకు. నాలుగు నెలల నుంచి నీ గొంతు వినలేదని నేనిక్కడ బెంగపడుతుంటే, నువ్వు పలక మీద పాలు రాస్తున్నావా? గద్దె మీద మన మనిషి ఉండాలని బాపు నా వెంట పడుతున్నాడు. మన మనిషి వెనక గదిలోనే ఉన్నాడు కదా! నువ్వు గోడ వెనక, నేను బోర్డు వెనక. ఇద్దరం దాక్కున్నాం. నేను బయటికి వస్తున్నాను, చూడు.

ఇప్పుడు ప్రశ్న అడిగాక కొంగు చాటున వేలి కణుపుల మీద ఐదు లెక్కపెడుతున్నాను. మొదటిరోజు మూడు దాకా పోగానే నిఖిల్ అనేవాడు, "అరె, టీచర్ మర్చిపోయిందిరా" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. భయపడి జవాబు నేనే చెప్పేశాను. రెండోరోజూ అంతే. మూడోరోజు నాలుగు దాకా ఆగాను, ఎవడో ఈల వేశాడు, ఆ రోజు బస్సులో ఏడ్చాను. మర్నాడు మళ్లీ ఆగాను. నేల మీద తలుపు దగ్గర్నుంచి ఎడమ చివరి బెంచీ దాకా చాక్‌పీసుతో మూడు చిన్న గీతలు గీసుకున్నాను, అక్కడక్కడ నిలబడాలని. ఊడ్చే ఎల్లస్వామి రోజూ తుడిచేస్తాడు, నేను రోజూ గీస్తాను. "ఏం ముగ్గు టీచర్ ఇది?" అని అడిగాడు. నిన్నటి వీడియోలో "అర్థమైందా?" పదకొండు సార్లే వచ్చింది. వీపు ఏడు నిమిషాలు. ఐదు లెక్కపెట్టాక నిఖిలే లేచి జవాబు చెప్పాడు, తప్పు జవాబే అనుకో, అయినా వాడిదే.

కానీ సమ్మక్క ఆరు రోజులుగా బడికి రావడం లేదు.

నువ్వూ ఒక పని చెయ్యి పెద్దబాపూ. ఫోన్‌ను గల్లాపెట్టె మీద అగరుబత్తుల డబ్బాకు ఆనించి పెట్టు. ఒక్క గిరాకీతో ఒక్క మాట మాట్లాడు. తర్వాత చూసుకో. మనం అనుకునేది వేరు, అక్కడ జరిగేది వేరు. ఈ నెలలో నేను నేర్చుకున్నదల్లా ఇదే.

స్రవంతి


సుబేదారి
22 డిసెంబర్ 2025

పెద్దబాపూ,

పదమూడు రోజులైంది, జవాబు లేదు. కోపమైతే తిట్టి రాయి, ఊరికే మాత్రం ఉండకు.

నిన్న ఆదివారం ఆ ఊరు పోయి, అడుక్కుంటూ అడుక్కుంటూ చేను దగ్గరికి చేరాను. సమ్మక్క నడుముకు గుడ్డ ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది. "నువ్వు నన్ను మూడుసార్లు పిలిచినవ్, నేను ఇనలే. వీడియోల ఇన్న" అని చెప్పాను. తిడతాననుకుందేమో, కాసేపు నా చెప్పుల వైపే చూసింది. తర్వాత అడిగింది కదా, "వీడియోల నా గొంతు ఎట్లున్నది టీచర్?" అని! "మంచిగున్నది, జర చిన్నగున్నది" అన్నాను. వాళ్లమ్మ పత్తి అయ్యేదాకా రోజూ పంపడం కుదరదంది గానీ, లెక్కల పీరియడ్ ఉన్నరోజు పంపుతానంది. లెక్కల పీరియడ్ రోజూ ఉంటుందని ఆమెకు నేను చెప్పలేదు, సమ్మక్కే చెప్పుకుంటుంది.

ఫైనల్‌కు పదహారు రోజులుంది.

స్రవంతి


నర్సంపేట
30-12-2025

చిరంజీవి స్రవంతికి పెద్దబాపు ఆశీస్సులు.

కోపం మూడు రోజుల్లోనే పోయింది. తర్వాత సిగ్గుపడి రాయలేదు. ఎవరు చెప్పారని అడగొద్దన్నావు. ఈ ఇంట్లో ఉండేదే ఇద్దరం, అందులో ఒకడికి నోరు లేదు. ఇక అడిగేదేముంది? మీ పెద్దమ్మ రెండు రోజులు నా ఎదుటికి రాకుండా వంటింట్లోనే తిరిగింది.

గద్దె సంగతి చెబుతాను. ఖాళీగా ఉందని రాసింది నువ్వు తప్పాలని కాదే పిచ్చిదానా. ఒకవేళ తప్పినా నీకొక చోటుందని, భయం లేకుండా పోయి గట్టిగా నిలబడమని రాశాను. నువ్వు పోయి ఇంకో అర్థం తీసుకున్నావు. నేనూ నీ ఉత్తరంలో అదే పని చేశాను, చెల్లుకు చెల్లు.

నీ ఐదు లెక్క గురించి వెనక గదిలో కూర్చుని బాగా ఆలోచించాను. నీకు నేను నేర్పింది సగమే, స్రవంతీ. రెండో చీర పరిచేది మామూలు గిరాకీకి. పెళ్లి బట్టలకు వస్తే లెక్క వేరు. తల్లీ, అత్తా, మేనత్తా అందరూ మాట్లాడతారు, పెళ్లికూతురు మాత్రం మాట్లాడదు. మధ్యలో ఎప్పుడో ఒక చీర మీద ఊరికే చేయి పెడుతుంది. చేయి పెట్టిందంటే దుకాణదారు నోరు కట్టేసుకోవాలి. ఆ చేయి అక్కడ ఉన్నంతసేపు ఇంకో చీర ముట్టుకోకూడదు, ధర చెప్పకూడదు, దగ్గకూడదు. మా నాయన నాకు అట్లా నేర్పాడు. పెళ్లి గిరాకీ వస్తే చోటు చాలదని నిన్ను గద్దె మీది నుంచి లేపి ఇంట్లోకి పంపేవాళ్లం. అందుకే నువ్వది చూడలేదు. మాట్లాడటం చూశావు, ఆగడం చూడలేదు. తప్పు నీదీ కాదు.

అందరి నోళ్లు చూడకు. చేతులు చూడు.

వీడియో తీశాను. నాలుగు రోజుల కింద, నువ్వు చెప్పినట్టే అగరుబత్తుల డబ్బాకు ఆనించి. గిరాకీకి వచ్చిన ఒకామెతో ఒక మాట మాట్లాడాను. ఎట్లా వచ్చిందో నాకు తెలుసు, ఆమె మొహం చిట్లించుకుని యాకయ్య వైపు తిరిగింది. "చూద్దాం సేటూ" అని యాకయ్య అంటే ఫోన్ లాక్కుని జేబులో పెట్టుకున్నాను. చూడలేదు. చూడను కూడా.

ధైర్యంగా పో.

కుమారస్వామి


సుబేదారి
8 జనవరి 2026

పెద్దబాపూ, పెద్దబాపూ,

నిన్న అయిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఎగ్జామినర్ పద్మలత మేడం అట, మొహంలో నవ్వన్నది లేదు. భానుచందర్ సార్ పక్కన వెనక బెంచీలో కూర్చుంది. పాఠం విలోమానుపాతం. పుస్తకంలో గోడ కట్టే మేస్త్రీల లెక్క ఉంది, నేను దాన్ని పత్తికి మార్చుకున్నాను. ఎనిమిది మంది ఒక చేనును ఆరు రోజుల్లో ఏరితే, పన్నెండు మంది ఎన్ని రోజుల్లో ఏరుతారు?

అడిగాను. కణుపుల మీద లెక్క మొదలుపెట్టాను. నిఖిల్ లేచి "తొమ్మిది!" అన్నాడు. తప్పు. నా నాలుక చివరిదాకా వచ్చింది "కాదు" అని. మింగాను. బోర్డు మీద తొమ్మిది రాసి, ఎడమవైపు మూడో గీత దగ్గరికి నడిచి నిలబడ్డాను. సమ్మక్క చేయి ఎత్తలేదు. కానీ నోటుబుక్కు మీద అరచేయి బోర్లా పెట్టింది, గట్టిగా, ఎవరో లాక్కుపోతారన్నట్టు. నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఆగిపోయాను. ఐదు అయింది. ఏడు అయింది. మేడం గడియారం చూసుకుంది. పది దాటాక ఆ గొంతు వచ్చింది.

"టీచర్, తొమ్మిదెట్లయితది? మంది ఎక్కువైతె పని జల్ది ఒడుస్తది గద."

"మరి ఎన్నయితయి?" అన్నాను. అని మళ్లీ ఆగాను.

"నాలుగు." కొంచెం ఆగి, "కాని నాలుగుల ఒడువది టీచర్. పన్నెండు మందైతె ముచ్చట్లు ఎక్కువైతయి. అయిదు పడ్తది."

క్లాసంతా నవ్వింది. నవంబర్‌లో అయితే "సరే సరే, నాలుగు" అని తుడిచేసేదాన్ని. ఆగాను. ఆ పిల్ల బోర్డు వైపు చూసి తనే నవ్వేసింది. "ముచ్చట్లు పెట్టకుంటె నాలుగే. పుస్తకంల మందికి ముచ్చట్లుండయి గద!"

పద్మలత మేడం నోటికి చేయి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందని భుజాలు చెప్పాయి. సమ్మక్కనే బోర్డు దగ్గరికి పిలిచి చాక్‌పీసు ఇచ్చాను. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది అని రాసింది. ఆమె రాస్తుంటే నేను పక్కకు జరిగి పిల్లల మధ్య నిలబడ్డాను. నిఖిల్ తన తొమ్మిదిని తనే వచ్చి కొట్టేశాడు.

ప్లాన్‌లో ఐదు లెక్కలుంటే మూడే అయ్యాయి. బెల్లు కొట్టేశారు. పోయింది అనుకున్నాను. సాయంత్రం భానుచందర్ సార్ కాగితం ఇచ్చాడు. పాసయ్యాను పెద్దబాపూ. కింద అదే ఎర్ర పెన్ను: "పాఠం కొంచెం మిగిలింది. టీచర్ ఉంది."

బాపుకు నేనే ఫోన్ చేశాను. సంతోషపడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, వెంటనే "అయితె గద్దె మీద ఎవలు కూసుంటరు?" అన్నాడు. "మన మనిషే" అన్నాను.

నీ ఫోన్ ఇంకా జేబులోనే ఉందా? ఆమె మొహం చిట్లించుకుందని రాశావు. నేనూ నవంబర్‌లో బాగా చెప్పాననే అనుకున్నాను. చూడు పెద్దబాపూ. నా మీద ఒట్టు.

స్రవంతి


నర్సంపేట
19-1-2026

చిరంజీవి స్రవంతి టీచర్‌కు పెద్దబాపు ఆశీస్సులు.

మేడారం జాతర దగ్గరపడింది. అమ్మవార్లకు పెట్టే జాకెట్టు ముక్కల కోసం జనం గడప మీద నిలబడుతున్నారు, అందుకే ఆలస్యం. నీ ఉత్తరం యాకయ్య చేత రెండుసార్లు చదివించుకున్నాను, నాకు కళ్లు కనపడక కాదు. ఇంకొకరి నోటి నుంచి వినాలనిపించింది. "పుస్తకంల మందికి ముచ్చట్లుండయి" దగ్గర వాడు చదవలేక నవ్వుతూ కూర్చున్నాడు.

చూశాను. ఒట్టు వేశావు కదా, చూడక చస్తానా. నువ్వు చెప్పినట్టే మొదట సౌండ్ తీసేసి చూశాను.

వచ్చినామె కట్టమ్మ, మన పాత గిరాకీ. పక్కన చిన్న మనవరాలు. నేను నోరు తెరిచాను. కట్టమ్మ మొహం చిట్లించుకుని తిరిగిపోయిందని నీకు రాశాను గదా. అది జరగలేదు స్రవంతీ. అందులో లేదు. ఆమె ముందుకు వంగింది. జాకెట్టు ముక్క మీద చేయి పెట్టి, మెడ చాచింది. సౌండ్ పెట్టి మళ్లీ చూస్తే మనవరాలితో అంటోంది, "ఊకో, సేటు ఏదో చెప్తాండు, ఇననియ్యి." అప్పుడు యాకయ్య వైపు తిరిగింది నేను. మొహం తిప్పుకుంది నేను. ఆమె ఇంకా కొంతసేపు అట్లాగే వంగి, నేను చెప్పేదాని కోసం చూస్తూనే ఉంది.

మూడోసారి చూడలేకపోయాను. మీ పెద్దమ్మ వచ్చి కొంగుతో నా కళ్లు తుడిచి, "అద్దాలు తుడుసుకోవయ్యా" అని పోయింది.

గురువారం నుంచి గద్దె మీద కూర్చుంటున్నాను. గొంతు గీరుతూనే ఉంది, సగం మాటలు గాలే. ఒకరిద్దరు నవ్వారు కూడా, నవ్వనీ. తక్కినవాళ్లు దగ్గరికి జరిగి వింటున్నారు. రెండో చీర పరిచే ఓపిక ఇప్పుడు నా గొంతుకు లేదు. మొదటిదే పరిచి ఊరుకుంటున్నాను. మీ బాపుకు కూడా చెప్పించాను, గద్దె మీద మనిషి ఉన్నాడని, పిల్లను బడిలో ఉండనియ్యమని.

యాకయ్యతో పలక పంపిస్తున్నాను. ఈసారి గేటు దగ్గర గొడవ చేయొద్దని గట్టిగా చెప్పాను. నాకు దాంతో పనైపోయింది. సమ్మక్కకు ఇవ్వు, చేనులో లెక్కలు వేసుకుంటుంది.

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు నీకు ఫోన్ చేస్తాను. ఎవరో అనుకుని పెట్టేయకు. మొదటి మాట రావడానికి నాకు కొంచెం సేపు పడుతుంది. ఐదు లెక్కపెట్టు.

నీ పెద్దబాపు
కుమారస్వామి